పక్కవీధంత దూరం

సూట్‌కేసు సర్దడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఆమె పనే. ప్రయాణం మాత్రం వాళ్ళాయనది. చొక్కాలు ముడత పడకుండా చుట్టడం, సాక్సులు బూట్లలో కుక్కడం, మాత్రలు పైజేబులో పెట్టడం, అన్నీ కళ్ళు మూసుకుని చేసేస్తుంది. ఇవాళా మంచం మీద పెట్టె తెరిచి, గది తలుపు బార్లా తీసి సర్దుతోంది.

పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమెకి ఉద్యోగం. ఊళ్ళో బోసినోటివాళ్ళు సగంమంది ఇంకా నమిలి తింటున్నారంటే ఆమె చేతి చలవే. తను మాత్రం ఇంట్లో ప్రతి మాటా నమలకుండానే మింగుతూ వచ్చింది. మొన్న ల్యాబు యజమానురాలు పిలిచి, కొత్త మిషను పని నేర్చుకోడానికి నెల్లాళ్ళు విదేశంలో ఓ నగరం వెళ్ళిరమ్మంది. తిరిగొస్తే ఆ విభాగమంతా ఆమెకే అప్పగిస్తానంది. ఆ నగరం ఆ ఇంటికి కొత్తదేం కాదు, ఏడాదికి రెండుసార్లు ఆయన వెళ్ళొచ్చేదే.

ఆయన వెళ్ళేటప్పుడు అదసలు దూరమే కాదు. మొదటిసారి, చంటిదాని ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంటే, "ఈసారికి మానెయ్యకూడదూ?" అని ఆమె గుమ్మంలో నిలబడింది. "పిచ్చిదానా, ఓ సినిమా చూసి, ఓ కునుకు తీస్తే దిగిపోతాను. పక్కవీధికి వెళ్ళినట్టే" అని బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు. "విమానాలొచ్చాక ఇంకా దూరమేంటమ్మా!" అని అత్తగారు వంతపాడారు. తిరిగొచ్చాక మాత్రం రెండ్రోజులు ఇల్లంతా ఆయన నిద్ర చుట్టూనే తిరగాలి. పట్టపగలు తెరలు దించాలి, పిల్ల పిల్లిలా నడవాలి, మిక్సీ వెయ్యకూడదు.

అదే నగరం, ఆమె వెళ్తాననేసరికి ఎంత దూరం జరిగిపోయిందో!

"ఎనిమిది వేల కిలోమీటర్లు, తెలుసా?" అన్నాడు కంచం ముందు కూర్చుని. "మధ్యలో దిగి ఇంకో విమానం పట్టుకోవాలి. అంతా కలిపి పదమూడు గంటలు. నీవల్ల కాదు."

"పిల్లకేమన్నా అయితే అంత దూరం నుంచి ఎలా వచ్చి వాలతావమ్మా?" అన్నారు అత్తగారు.

జ్వరమొచ్చిన రోజు ఆయనెలా వచ్చి వాలాడో అడగాలనిపించింది. అలవాటు కొద్దీ మింగబోతే ఈసారి గొంతుకి అడ్డం పడింది. ఒళ్ళు మండిపోయింది. ఆడది ఎక్కితే విమానం నత్తనడక నడుస్తుందా? లేచి అందరి కంచాలూ తీసింది, ఆయన కంచం ఆయన ముందే వదిలేసి. మర్నాడు ల్యాబులో అడుగుపెడుతూనే వెళ్తానని చెప్పేసింది.

ఇప్పుడు ఆయన గదిలోకొచ్చి పెట్టె చూశాడు. ఆ ఇంట్లో పెట్టె తెరిస్తే అది తనకేనని ఆయన నమ్మకం.

"నా ప్రయాణం వచ్చేనెల కదా, అప్పుడే సర్దుతున్నావేం?"

వంగి చూస్తే పైనే ఆమె ల్యాబు కోటు.

"అయితే వెళ్ళడానికే నిశ్చయించుకున్నావా? నెల్లాళ్ళు ఈ ఇల్లెవరు చూస్తారు?"

ఆమె జిప్పు చివరిదాకా లాగి, పెట్టె కిందికి దింపింది.

"ఎందుకండీ కంగారు, పక్కవీధికి వెళ్ళినట్టే. పిల్ల జ్వరం మాత్రలు వంటింట్లో రెండో అరలో ఉన్నాయి. నేనొచ్చాక మాత్రం రెండ్రోజులు తెరలు దించి ఉంచండి, పడుకోవాలి."