ఒక్కరోజు తేడా పడ్డ చుక్క

నాలుగు రాత్రుల లెక్కలో మూడు కుదిరాయి. నాలుగోది మాత్రం ముఖం తిప్పుకుని కూర్చుంది.

అబ్జర్వేటరీలో కక్ష్యలు లెక్కగట్టే కోడలు పొద్దుటినుంచి దాన్ని పదిసార్లు సరిచూసింది. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే రాతిముక్క అది. ముప్పై ఏళ్ళ కిందట అక్కడే టెలిస్కోపు దగ్గర పనిచేసిన ఆమె అత్తగారు ఫోటోలు తీసే గాజుపలకలు నాలుగింటి మీద దాన్ని పట్టుకుంది. తర్వాత మబ్బులు కమ్మి, అది కాస్తా జాడ లేకుండా పోయింది. ఇప్పుడు ఎక్కడో వేరే దేశంవాళ్ళ కంటబడింది. రెండూ ఒకటేనని, ఇలాంటివాటికి నంబర్లిచ్చే అంతర్జాతీయ కేంద్రానికి సాయంత్రం అయిదులోపు లెక్క పంపితే కనిపెట్టిన ఘనతా, పేరు పెట్టే హక్కూ అత్తగారివి. లేదంటే రేపు వాళ్ళ పేరు మీదే నంబరు పడిపోతుంది.

అత్తగారు పేరు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది. వాళ్ళమ్మ పేరు. తేలిందా అని అప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది.

నాలుగో పలక ఎంత తేడాగా ఉందో కొలిచింది కోడలు. నిండు చంద్రుడి వెడల్పులో సగం. అంటే ఆ రాయి సరిగ్గా ఒక్కరోజులో నడిచే దూరం. పాత లాగ్ పుస్తకం తెరిచింది. మొదటి మూడూ రాత్రి పదికీ పదకొండుకీ తీసినవి. నాలుగోది అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి. పక్కన రాసిన తేదీ మాత్రం ముందు సాయంత్రానిది.

సంగతి తెలిశాక భయం పట్టుకుంది. అత్తగారిని అక్కడ అందరూ గడియారం అనేవాళ్ళు. ఆవిడ గేటు దాటితే చేతి వాచీలు సరిచేసుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు రాయలేదని రిటైరయ్యేటప్పుడు ఇచ్చిన ప్రశంసాపత్రం హాల్లో ఫ్రేములో ఉంది. డైరెక్టరేమో, రాసినావిడే తప్పని ఒప్పుకుని సంతకం పెడితే తప్ప తేదీ దిద్దనివ్వనన్నాడు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు తేదీలు జరుపుకుంటే ఏ రాయైనా ఏ కక్ష్యలోకైనా వస్తుందని దెప్పాడు కూడా.

కోడలు పుస్తకం చంకన పెట్టుకుని పక్కవీధిలోని ఇంటికి పరుగు పెట్టింది.

"అత్తయ్యా, ఇది ఏ తారీఖు రాత్రి?"

గడియారం కళ్ళద్దాలు సర్దుకుంది. "రాసే ఉందిగా."

"ఒకటిన్నర అంటే తేదీ మారిపోయినట్టే కదండీ."

"తెల్లారకుండా తేదీ ఎలా మారుతుందే?" అనేసి, ఠక్కున ఆగిపోయింది.

పేజీలో ఆ తేదీ మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆ మాటే ఆ రాత్రి కూడా అందట. డార్క్‌రూములో పలకలు కడిగే అతను, తేదీ మారిందండీ అని గుర్తుచేస్తే, కడిగేవాడివి నువ్వా నాకు నేర్పేది అని నలుగురిలో తీసిపారేసిందట. అతను మరి ఆ ఊసెత్తలేదట.

అయిదుకి ఇంకా పాతిక నిమిషాలే ఉన్నాయని కోడలు నసిగింది. సంతకం పెడితే గోడ మీది కాగితం సంగతేమిటన్నది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

గడియారమే అటు చూసింది. "దాన్ని దించెయ్. ఆ మేకుకి కాలెండరు తగిలించు, ఇంట్లో అందరికీ పనికొస్తుంది."

తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. కాగితం ఫోటో తీసి, తేదీ దిద్దిన లెక్కతో సహా డైరెక్టరుకి పంపారు. చూశాడు. బదులివ్వలేదు. అయిదు కొట్టింది. పది నిమిషాలయ్యాక, పంపించేశాను, తీసుకోవడం ఆ కేంద్రంవాళ్ళ ఇష్టం అని రెండు ముక్కలు వచ్చాయి.

"తీసుకుంటారా?" అంది గడియారం.

కోడలికి తెలియదు. తెలియదనే చెప్పింది.

"ఒకవేళ మనకే వస్తే, మా అమ్మ పేరు వద్దులే. ఆ పలకలు కడిగినతని పేరు పెడదాం." తెల్లకాగితం లాక్కుని కలం పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా అతన్ని "ఇదిగో" అనే పిలిచింది.

"అమ్మాయ్, ఆఫీసు మూసెయ్యకముందే వెళ్ళు," అంది చివరికి. "పాత రిజిస్టరులో అతని పేరేమిటో చూసిరా."