ఒకటో తరగతి గదిలో మా గువ్వ

నేను ఎవరినీ ఊరికే నమ్మను. ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. అంతా సవ్యంగా కనిపించే పేజీలోనే తప్పు నక్కి ఉంటుందని నాకు తెలుసు. "అనుమానం పెనుభూతం" అని మా అమ్మాయి నన్ను దెప్పుతూ ఉంటుంది. భూతమో దయ్యమో, ఇన్నేళ్ళూ మాకు అన్నం పెట్టింది ఆ అనుమానమే.

మా గువ్వ అంటే నా మనవరాలు, ఐదో తరగతి. ఆ మధ్య తేలు కుట్టిన దొంగలా తిరుగుతూ ఉండేది. స్నానాల గదిలోకి వెళ్తే నీళ్ళ చప్పుడు ఉండేది కాదు, గుసగుసలు వినిపించేవి. తలుపు కొడితే తువ్వాలు కింద ఏదో దాచుకుని బయటికి వచ్చేది. ఒకరోజు పక్క దులుపుతుంటే పరుపు కింద దొరికింది, ఏనుగు బొమ్మ పుస్తకం. పేజీకి రెండే వరుసలు, అక్షరాలు గుండీలంత ఉన్నాయి.

"ఇది ఒకటో తరగతి పిల్లలది కదే, నీ దగ్గరెందుకుంది?" అన్నాను.

"ఏం లేదు అమ్మమ్మా" అంది. నిజంగా ఏమీ లేనివాళ్ళు ఇంత తొందరగా ఆ మాట అనరు.

గువ్వ చదువులో వెనకబడిందన్నది మా ఇంట్లో దాచుకున్న సంగతేం కాదు. కబుర్లకైతే వసపిట్ట, పుస్తకం తెరిస్తే నోరు మూత. నేను పక్కన ఉంటే మరీను. ఒక వాక్యం చదివేది, నేను ఒత్తు సరిదిద్దేదాన్ని, అంతే, కడుపునొప్పి అంటూ లేచిపోయేది. ఏడాదిగా నా ముందు పైకి చదవనే లేదు. వచ్చే ఏడు పెద్దబడికి వెళ్ళాలి. అక్కడ దీన్ని ఎవరు పట్టించుకుంటారన్నదే నా బెంగ.

ఆ బెంగలో ఉండగానే వీధి చివర కుట్టుమిషను ఆవిడ ఉప్పందించింది. "మీ గువ్వ రోజూ ఒకటో తరగతిలో కూర్చుంటోందటగా, మామ్మగారూ? మా అక్క కూతురు చెప్పింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి వస్తూనే గువ్వ వాళ్ళ టీచరమ్మకు ఫోన్ చేశాను. గొంతు తేనె పూసినట్టు ఉంది. నాకు నచ్చనిది అదే.

"మా బళ్ళో పెద్దపిల్లలు కొందరు ఒకటో తరగతి వాళ్ళకి కథలు చదివి వినిపిస్తారండీ. గువ్వ కూడా వాళ్ళలో ఉంది" అంది.

"వినిపించాలంటే బాగా చదివేవాళ్ళని పంపాలి కదమ్మా. దీన్నెందుకు పంపారు?"

"తనకి మంచిదనే పంపాం. మీరొకసారి రండి, వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఇంట్లో తనని ఏమీ అడక్కండి."

అడక్కూడదట! నాకు లెక్క తేలిపోయింది. దీనితో వేగలేక అడుగు తరగతిలో పడేశారు, పైకి మాత్రం కథలు చదవడమని పేరు పెట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మా అమ్మాయితో అంటే, "ఎల్లుండి నాకు సెలవుంది, ఇద్దరం వెళ్దాంలే" అంది. ఎల్లుండి దాకా ఆగే ఓపిక నాకెక్కడిది?

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాను. బడి వసారాలో చిన్న చిన్న చెప్పుల జతలు బారుగా ఉన్నాయి. వాటి చివర గువ్వ చెప్పులు, మిగతావాటి కన్నా రెండింతలు పెద్దవి.

కిటికీ తెర సందులోంచి తొంగి చూశాను. చాప మీద ఏడెనిమిది మంది బుడతలు. వాళ్ళ ముందు బుల్లి కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా మా గువ్వ. మూల కూర్చున్న టీచరమ్మ ఏదో రాసుకుంటోంది. తప్పులు లెక్కపెడుతోందన్నమాట, అనుకున్నాను.

"ఏనుగు... తొం... తొండంతో..." గువ్వ ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తనే చదువుకుంది. ఎవరూ నవ్వలేదు. ముందుపళ్ళు ఊడిన బుడతడొకడు దాని పాదం మీద చెయ్యి వేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. అది చూసైనా నేను ఆగాల్సింది. నా కాలు అప్పటికే గడప దాటింది.

"చదవడం రాదని తెచ్చి ఇక్కడ పడేశారా?" అని అరిచాను.

గువ్వ పుస్తకం మూసేసింది. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు దాని ముఖంలో. టీచరమ్మ లేచి నిలబడింది. ఆ పిల్లల ముందు ఏమని చెబుతుంది?

పళ్ళు ఊడినవాడు నన్నూ గువ్వనూ మార్చి మార్చి చూశాడు. "ఎవరికి చదవడం రాదు?" అన్నాడు. "అక్కకా?"

అప్పుడు బోధపడింది నాకు. లోకం మొత్తం మీద మా గువ్వ చదువు వచ్చిన మనిషిగా చలామణి అవుతున్నది ఈ ఒక్క చాప మీదే. తన తరగతిలో ఏనుగు పుస్తకం ఇచ్చి చదవమంటే సిగ్గుతో చచ్చిపోయేది. వీళ్ళకు వినిపించాలి కాబట్టి, అదే పుస్తకాన్ని తలుపు వేసుకుని పదేపదే చదువుకుంటోంది. టీచరమ్మ ఎంత ముందుచూపుతో కట్టిందో ఈ గూటిని! నేను ఒక్క కేకతో కూల్చబోయాను. గువ్వ నా వంకే చూస్తోంది. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను.

"అక్కకి కాదురా, నాకు" అన్నాను. "నాకే చదవడం రాదు. అందుకే మా ఇంట్లోవాళ్ళు నన్ను తెచ్చి ఇక్కడ పడేశారు."

అంతవరకూ ఆ మాట చస్తే అనేదాన్ని కాదు. అన్నాక మాత్రం ఏమీ అనిపించలేదు.

"ఇంత పెద్దదానివి, అస్సలు రాదా?" అంది ఓ రెండు జడల పిల్ల జాలిగా.

"అస్సలు రాదు తల్లీ. ఆ ఏనుగు ఏమైందో వినిపోదామని వచ్చా."

పళ్ళు ఊడినవాడు నన్ను ఎగాదిగా చూశాడు. నన్ను మించిన అనుమానం మనిషి. "మరి కళ్ళజోడెందుకు పెట్టుకున్నావు?" అన్నాడు.

చాప మీద పిల్లలంతా నా ముక్కు వంకే చూస్తున్నారు.

"దారి కనబడటానికి" అంది గువ్వ. "జరగండర్రా, అమ్మమ్మకి చోటివ్వండి."

వాళ్ళ మధ్య చతికిలపడ్డాను. గువ్వ పుస్తకం తెరిచింది. బొమ్మ నాకు కూడా కనిపించేలా తిప్పి పట్టుకుని, మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.