ఊపిరి తీసే బోరు

మా ఊళ్ళో నీళ్ళు పడ్డ బోరుకి ఎవడూ దండం పెట్టలేదు. ఎండిపోయిన బోరుకి మాత్రం పసుపు రాసి, చీర చుట్టి, అమ్మవారన్నారు. నా కోపం అక్కడ మొదలైంది.

కనిగిరి మెట్టలో మా ఊరు. ఊరి చివర బంజరులో ఎప్పుడో వేసిన బోరు ఎండిపోయి, ఇనప గొట్టం మిగిలింది. మొన్న మాఘంలో ఎవడో దాని మూత పాతసామాను కొట్లో అమ్ముకోడానికి పీక్కుపోయాడు. అప్పట్నుంచి గొట్టం ఈల వేస్తోంది. మధ్యాహ్నం మిరప కోతలు దిగి వచ్చే ఆడవాళ్ళు విన్నారు. చెయ్యి పెడితే గాలి తన్నుతోంది. వెంకటరావమ్మ పెద్దమ్మ అక్కడే కూలబడి, "అమ్మ ఊపిరి" అంది. అంతే.

బోరు పక్కనే సైదాబీ మిరపకాయలు ఎండబోసుకుంది. ఆమెది కౌలు చేను, సొంత కళ్ళం లేదు, ఏటా ఆ బంజరే దిక్కు. పెద్దమ్మ కొడుకు యలమంద వచ్చి, "అమ్మ గుడికి నేల చదును చేయాలి, రేపటికి కాయ ఎత్తెయ్" అన్నాడు. సగం ఎండిన కాయ బస్తాల్లో కుక్కితే బూజు పట్టి తెల్లబడిపోతుంది. దాన్ని గుంటూరు మిర్చి యార్డులో కన్నెత్తి చూసేవాడుండడు. ఏడాది చాకిరీ మట్టి.

నేను ఊరుకుంటానా? వెళ్ళి బోరు దగ్గరే నిలబడ్డాను.

"పెద్దమ్మా, ఇది గాలి. భూమిలో రాతి పగుళ్ళ నిండా గాలుంటుంది. పైన గాలి బరువు తగ్గితే లోపలిది బయటికొస్తుంది, పెరిగితే పైది లోపలికి పోతుంది. పొద్దున పెరుగుతుంది, మధ్యాహ్నం తగ్గుతుంది, రోజూ జరిగేదే."

"నీ సైన్సు ఈ బోరులో నీళ్ళిచ్చిందా ఝాన్సీ? అమ్మ గాలైనా ఇచ్చింది."

జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

"మీరంతా పొద్దున్నే ఆటో ఎక్కి కోతకి పోతారు, మధ్యాహ్నం వస్తారు. అందుకని వదిలే ఊపిరే చూశారు. పీల్చేది చూసింది సైదాబీ ఒక్కతే."

"అవును, పొద్దున పూట నా ప్లాస్టిక్ కవరు గొట్టానికి అతుక్కుపోద్ది. ఎన్నిసార్లు పీక్కున్నానో" అంది సైదాబీ.

"రేపు పొద్దున రండి. గాలి లోపలికి పోతే కాయ ఎండేదాకా ఈ కళ్ళం సైదాబీది. పోకపోతే కాయ నేనే ఎత్తి మోస్తా."

"నా కాయ మీద నువ్వు పందెం కాస్తావేంటక్కా?" అంది సైదాబీ. నిజమే. అప్పటికే మాట జారిపోయింది.

పొద్దున ఊరంతా వచ్చింది. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను కవరు తీసి గొట్టం మీద పెట్టాను.

కవరు ఎగిరి యలమంద మొహాన పడింది.

గాలి బయటికే. ఎన్నడూ లేనంత జోరుగా, ఎద్దు రొప్పినట్టు.

"ఝాన్సక్కా, నీ సైన్సు ఇంకా నిద్ర లేవలేదా?" అన్నాడు యలమంద. నవ్వులే నవ్వులు. సైదాబీ నవ్వలేదు. వంగి బస్తా దులుపుతోంది.

లోపలికి పోవలసిన వేళ బయటికెందుకొస్తోంది? పైన గాలి బరువు పడిపోతోంది. పొద్దున్నే ఇంతగా పడిపోతోందంటే...

"సైదాబీ, బస్తా వదిలెయ్. టార్పాలిన్ పట్టాలు తియ్యి. వాన."

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. యలమంద, "ఓడిపోయి వాన అంటోంది చూడండ్రా" అన్నాడు.

అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చింది. గొట్టం మీద చెయ్యి పెట్టి చూసింది. "నోరు మూసుకోరా. పొద్దున్నే అమ్మ ఇట్టా ఎప్పుడు రొప్పింది? ఏదో ముంచుకొస్తోంది. కాయ కప్పండి."

"నువ్వు కూడానా అమ్మా?"

"కప్పమన్నానా?"

కొంగులు బిగించి ఆడవాళ్ళు దిగారు. ఆటో ఖాళీగా పోయింది, ఆ రోజు కూలి దానితోనే పోయింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. కాయ కుప్ప చేశారు, పైన పట్టాలు కప్పారు, అంచుల మీద రాళ్ళు పెట్టారు. చుట్టుపక్కల కళ్ళాలకీ కబురు పోయింది. ఎండ మండుతోంది. అందరూ నావైపే చూస్తున్నారు.

మధ్యాహ్నం దాటాక పడమట నల్లబడింది. ముందు గాలి, తర్వాత వడగళ్ళు. పట్టా లేచిపోబోతే దాని మూల మీద ఎక్కి కూర్చున్నది ఎవరనుకున్నారు? యలమంద. నెత్తిన తట్ట బోర్లించుకుని, వాన వెలిసేదాకా.

వెలిశాక సైదాబీ పట్టా ఎత్తింది. కింద కాయ చుక్క తడవకుండా, ఎర్రగా మెరిసింది.

"అమ్మ చెప్పింది" అంది పెద్దమ్మ.

"గాలి చెప్పింది" అన్నాను.

"నీ కారణం నీ దగ్గరుంచుకో. అమ్మ మాట చెప్పిన చోటే ఈ పిల్ల కాయ ఉంది. ఎండేదాకా దీన్ని కదిలించిన వాడు నా కొడుకైనా సరే, చూస్తా."

మా ఇద్దరి కొట్లాట ఇప్పటికీ తెగలేదు, తెగదు కూడా. కానీ ఆవిడిప్పుడు రోజూ పొద్దున్నే బోరు దగ్గరికి వస్తుంది. దండం పెట్టేముందు చెయ్యి పెట్టి చూస్తుంది, లోపలికా బయటికా అని. చూశాకే కాయ కప్పాలో ఎండబెట్టాలో కళ్ళాలకి కబురు పంపుతుంది. అలాంటి ముసలమ్మ మా ఊళ్ళో ఉంది. ఏ ఊరివాళ్ళైనా వచ్చి అడగండి, చూపిస్తాం.