నల్లరంగు పూసిన స్టవ్వు

నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసి రిటైరైన పెద్దాయన, ఆ రోజు కోడలి స్టవ్వుకు రంగు వేశాడు. మతి తప్పి కాదు, బాగా ఆలోచించే వేశాడు. ఎందుకు వేశాడో చెబితే మీరూ ఆయన్ని పెద్దగా తప్పుపట్టరు.

ఆ స్టవ్వు మామూలుది కాదు. మంట ఉండదు, బర్నర్లు ఉండవు, ఏ గిన్నె పెట్టినా కరెంటుతో కాగే నున్నటి నల్ల గాజుపలక, అంతే. రెండు నెలల క్రితం పెద్దాయన దాని మీద పాలు పెట్టి కునుకు తీశాడు. ఇల్లంతా మాడు వాసన. ఆ రోజే కొడుకు ఇక వంటగదిలో అడుగుపెట్టొద్దని తేల్చి చెప్పేశాడు. అప్పట్నుంచి కోడలు పొద్దున్నే వండి డబ్బాలో సర్ది పనికి వెళ్ళేది. భార్య పోయాక పదకొండేళ్ళు తన కూర తనే వండుకున్న మనిషికి, చల్లారిన ఆ తిండి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. చివరికి కోడలే మొగుడితో వాదించి, ఒక్క నెల ఆయన్నే వండుకోనిచ్చి చూద్దామని ఒప్పించింది. ఈ నెలలో స్టవ్వుకు ఏమైనా అయిందా, మళ్ళీ డబ్బా తిండే. గడువు తీరడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆ నాలుగు రోజులూ ఎలాగో గడిచిపోయేవే. కానీ మణికట్టు నొప్పి ఊరుకుంటుందా? బంగాళాదుంపలు ఉడికిన బరువైన అల్యూమినియం గిన్నెను ఎత్తలేక, ఇటు నుంచి అటు జరిపాడు. జరిపిన చోట చూస్తే గాజు మీద బూడిదరంగు గీతలు, ఏడో ఎనిమిదో, జానెడు పొడుగున. తడిగుడ్డతో తుడిచాడు, సబ్బు పెట్టి తోమాడు. ఒక్క గీత చెరిగితే ఒట్టు.

అప్పుడు ఆయనలోని పెయింటర్ నిద్రలేచాడు. మంచం కింది పెట్టెలోంచి నల్ల ఎనామెల్ డబ్బా, సన్న కుంచె తీసి, ఊపిరి బిగబట్టి ఒక్కో గీత మీదా రంగు నడిపించాడు. పక్క నుంచి చూశాడు, పై నుంచి చూశాడు. గీతలన్నవే లేవు. నిజం చెప్పొద్దూ, కాస్త మురిసిపోయాడు కూడా. చేతిలో పనితనం ఇంకా పోలేదనుకుంటూ పడక్కుర్చీలో వాలాక గానీ, స్టవ్వు వేడెక్కుతుందన్న సంగతి బుర్రకు తట్టలేదు. బోర్డుల మీద ఎవరూ టీ కాయరు మరి.

రంగు గీకేస్తే గీతలు బయటపడతాయి, ఉంచేస్తే పొగ లేస్తుంది. ఎటూ తేల్చుకోలేక సాయంత్రం దాకా వంటగది గుమ్మంలో తచ్చాడాడు.

కోడలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. ఐదున్నరకు వచ్చి, సంచీ దింపి, టీ గిన్నె అందుకుంది. ఈ పూటకు టీ వద్దమ్మా, కడుపులో బాగోలేదన్నాడు పెద్దాయన. అయితే నా ఒక్కదానికే పెట్టుకుంటానంది. కరెంటు వచ్చీపోతోందన్నాడు. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అబద్ధం అతికేలా చెప్పడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. ఆమె చెయ్యి స్విచ్చి మీదకు వెళ్ళేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఆన్ చెయ్యకమ్మా. దానికి రంగు వేశాను."

ఆమె వంగి చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ స్టవ్వును చూసి కుర్చీ లాక్కుని కూలబడింది. గిన్నె జరిపిన దగ్గర్నుంచి పెద్దాయన పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ నేలచూపులే. ముందు ఆ రంగు తీయండి, తర్వాత చూద్దాం అందామె.

అది ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. దుకాణాల అద్దాల మీద తప్పురాసిన అక్షరాలు ఎన్ని గీకలేదు? గాజు తడిపి, కొత్త బ్లేడు వాలుగా ఆనించి తోస్తుంటే రంగు పొరలుగా లేచొచ్చింది. కింద గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కోడలు వాటికి అడ్డంగా మెల్లగా గోరు నడిపింది.

"గోరు ఎక్కడా తట్టుకోవట్లేదు మామయ్యా. గాజు గీసుకుపోలేదు. గిన్నే అరిగి, ఆ పొడి దీనికి అంటుకుంది."

పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది, నమ్మడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఆమె వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ముద్దలా పూసి, వెనిగర్‌లో తడిపిన గుడ్డ పైన పరిచింది. పది నిమిషాలాగి మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దితే మొదటి గీత పలచబడి, కాసేపటికి కనిపించకుండా పోయింది. మిగతావి తనే రుద్దుతానని ఆయన గుడ్డ లాక్కున్నాడు. ఒక్కో గీత పోతుంటే గుండెల మీది బరువు ఒక్కో పిసరు దిగింది.

చివరికి వెనక మూల గోరంత గీత ఒకటి మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. గోరు పెట్టి చూస్తే తట్టుకుంది. పెద్దాయన మొహం మళ్ళీ పాలిపోయింది. కోడలు ఎందుకో గొంతు తగ్గించింది.

"అది మీది కాదు, నాది. పోయినేడాది ఉప్పు సీసా జారిపడింది. మీ అబ్బాయికి ఇంతవరకూ చెప్పలేదు."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఇద్దరూ కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వారు. నవ్వు ఆగాక ఆమె చేతులు కడుక్కుంటూ, గడువు సంగతి వదిలెయ్యండి, మీ అబ్బాయితో నేను మాట్లాడతానంది. ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది.

"రేపట్నుంచి నా డబ్బా మీరే కట్టాలి. గిన్నె మాత్రం నేనెత్తుతాను."

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇంకొకరి చేతి వంటకు కాచుకుని కూర్చున్న మనిషి, ఆ మాట వినగానే ఆమె డబ్బా అందుకుని మూత తీసి చూశాడు. కూరలో ఉప్పు ఎంత తింటావమ్మా అని అడిగాడు.