చేతి కారం

ఆ పొద్దున మబ్బు పడమటి నుంచి దిగివచ్చి, కదలకుండా నిలబడిపోయింది. ఉరమలేదు, చినుకు రాల్చలేదు. ఎండను మాత్రం రానివ్వలేదు. మిరప కల్లానికి అంతకంటే చెడ్డ కబురు ఉండదు. తడి తగిలిన కాయ రంగు పోయి తాలు పడుతుంది. తాలు కాయను అడిగే నాథుడుండడు.

అంకయ్య మోకాళ్ళ మీద కూర్చొని, పరిచిన కాయలను దోసిళ్ళతో రాశి మీదకు తోస్తున్నాడు.

"రాశి మీద పట్టాలు కప్పిందాకా ఎవరూ కదలబాకండి!" గట్టు మీద నుంచి ఆసామి కేకేశాడు.

పెందలాడే ఇంటికి పోతానని అడగాలనుకొని వచ్చాడు అంకయ్య. మబ్బును చూశాక నోరు రాలేదు.

మీసం మొలవకముందు కల్లంలో దిగినవాడు, మీసం నెరిసినా అందులోనే ఉన్నాడు. ఎండిన తుమ్మకొమ్మ లాంటి మనిషి. గోళ్ళ చుట్టూ ఉన్న ఎరుపు ఏ సబ్బుకూ వదలదు. కొత్తగా కూలికి వచ్చినవాళ్ళు చేతులు మండి ఏడుస్తారు. పుల్లమజ్జిగలో ముంచుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు. అంకయ్య అరచేతులు ఆ మంటను మరిచిపోయి చాలా కాలమైంది. కాయ తోస్తున్నంతసేపూ అతని ధ్యాస ఇంటి మీదే ఉంది.

ఇంటి దగ్గర భార్య ఎలీసమ్మ మంచంలో ఉంది. దవడలో కాన్సరు పుండు లేచింది. గుంటూరు ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. పుండు మాడింది గానీ నోరంతా పచ్చిపుండై కూర్చుంది. గంజి కూడా దిగడం లేదు. ఇట్లాగే ఉంటే రేపు తీసుకురమ్మన్నారు, ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. గొట్టం మాట ఎత్తితే ఎలీసమ్మ గోడవైపు తిరిగి పడుకుంటుంది.

నిన్న మాపున మాత్రం ఇటు తిరిగింది. "గోంగూర అయితే తింటానయ్యా."

"పులుపు, కారం, నూనె. మూడూ వద్దన్నారు గదే."

"మూడూ తీసేసి చెయ్యి. ఎట్టా చెయ్యాలో నే చెబుతా. పప్పు కలిసింది గదా అని పప్పు అనబాకు. పచ్చడే అను."

పట్టాలు కప్పి ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అంకయ్య బూడిదతో చేతులు తోముకొని, కడుక్కొని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఎలీసమ్మ మంచం మీద నుంచి ఒక్కో మాటా చెప్పింది. పులుపు తక్కువని తెల్ల గోంగూర. ఆకు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ పారబోయాలి. ఆకును గట్టిగా పిండి, ఈనెలు ఏరి, మెత్తగా ఉడికిన పెసరపప్పుతో పిసకాలి. చిటికెడు ఉప్పు, వెన్నపూస గోరంత. పోపు లేదు. ఎండుమిరపకాయ డబ్బా మూత కూడా తియ్యకూడదు.

అంకయ్య అన్నీ అట్లాగే చేశాడు. ఆకును రెండు అరచేతుల మధ్య పెట్టి, బట్ట పిండినట్టు పిండాడు. ఒక్కో ఈనే వేళ్ళతో లాగేశాడు. మెత్తగా పిసికి చెంచాతో నోటికందించాడు.

ఎలీసమ్మ నాలుక మీద పెట్టుకుంది. రెప్ప కొట్టేలోపు కళ్ళ నీళ్ళు కారిపోయాయి. కొంగులోకి ఊసేసి, నోరు తెరిచి గాలి పీల్చుకుంది.

"కారం వేశావు."

"వెయ్యలా. యేసయ్య తోడు వెయ్యలా."

కాసేపు అట్లాగే ఊపిరి పీల్చింది. తర్వాత అతని చెయ్యి లాక్కొని, చూపుడువేలు కొసను తన కింది పెదవికి తాకించుకొని, చటుక్కున వదిలేసింది.

"కల్లాన్ని ఇంటికి మోసుకొచ్చావు గదయ్యా."

అంకయ్య అరచేతులు చూసుకున్నాడు. కూతురు జాస్మిన్ పసిబిడ్డగా ఉన్నప్పుడు ఒకసారి ముద్దుచేస్తూ కంటి మీద వేలు పెడితే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆనాటి నుంచి కాయల రోజుల్లో పిడికిళ్ళు బిగించుకొని, ముంజేతుల మీదనే ఎత్తుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. అంత తెలిసినవాడికి కూర దగ్గర తట్టలేదు. ఆ ఇంట్లో మిరపకాయ లేని వంట వండిందెప్పుడు? అతను ఎప్పుడైనా ఒక చెయ్యి వేసినా, చేతి కారం కూర కారంలో కలిసిపోయేది.

"పక్కింటి ఖాదర్‌బీని చేసి పెట్టమంటా" అన్నాడు లేస్తూ.

"ఇంకెవరి చేతిదీ వద్దు." ఎలీసమ్మ గొంతు పీలగా వచ్చింది. "ఇన్నేళ్ళు నేను వండితే తిన్నావు. ఒక్క పూట నువ్వు వండలేవా?"

అంకయ్య గుమ్మం బయట కూలబడ్డాడు. నడుము లాగేస్తోంది. గిన్నెలో పచ్చడి కుక్క కూడా తినకుండా పోతుంది. రేపు తెల్లారితే గొట్టం.

కుట్టు మిషను ఆపి ఖాదర్‌బీ గోడ మీద నుంచి తొంగి చూసింది. సంగతి విని లోపలికి పోయి, కడిగి ఆరేసిన పాల కవర్లు రెండు, రబ్బరు బ్యాండ్లు పట్టుకొచ్చింది.

"చేతులు చాపు అన్నా."

కవర్లు తొడిగి మణికట్ల దగ్గర బ్యాండ్లు వేసింది. వెనక్కి జరిగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వదినా! మీ ఆయన ఆపరేషన్ డాక్టరైపోయాడు. ఇక నీ జబ్బుకు దిగులేం లేదు."

ఎలీసమ్మ తల తిప్పి చూసింది. నవ్వితే దవడ లాగుతుంది. అయినా నవ్వింది. "ఫీజెంత డాక్టరుగారూ?" అంది.

"ముందు తిను. తర్వాత చెబుతా."

అంకయ్య మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఖాదర్‌బీ ఆకు తుంచి కడిగిచ్చింది. కవర్లలో వేళ్ళు జారిపోతున్నాయి. ఒక ఈనె పట్టుకోవడానికి ఎంతసేపో పట్టింది. కవర్ల లోపల చెమట పట్టింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

పొద్దువాలే వేళకు మబ్బు విడిపోయి కాస్త ఎండ గుమ్మంలో పడింది. ఎలీసమ్మ చెంచా వద్దంది. గిన్నె ఒళ్ళో పెట్టుకొని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. అంకయ్య కవర్ల చేతులు గాలిలో పెట్టుకొని నిలబడ్డాడు. ఆమె గొంతు కదిలింది. మళ్ళీ వేలు పెట్టింది. నిదానంగా, ఆగి ఆగి నాలుగైదు సార్లు తిన్నది.

"ఉప్పు చాల్లా" అంది.

"డాక్టరు తగ్గించమన్నాడు."

"నువ్వేగా డాక్టరువి." గిన్నె అతనికిచ్చి వెనక్కి వాలింది. "తిన్నా గదా. రేపు గొట్టం లేదు."

"లేదు. పడుకో."

గిన్నె మీద మూత పెట్టి అంకయ్య గుమ్మంలో కూర్చున్నాడు. అలసటకు కునుకు పట్టింది. లైట్లు వేసే వేళకు ఖాదర్‌బీ వచ్చి, మంచం దగ్గర ఆగిపోయింది. కొంగు తల మీదకు లాక్కుంది.

"అన్నా" అంది.

మర్నాడు చీరాల నుంచి జాస్మిన్ వచ్చాక ఎలీసమ్మను సమాధుల దొడ్డికి తీసుకుపోయారు. పాదిరిగారి ప్రార్థన అయింది. అందరూ మట్టి వేశారు. తిరిగి వచ్చేసరికి ఖాదర్‌బీ అన్నం వండి తెచ్చింది. రాత్రి తన ఇంట్లో ఫ్రిజ్‌లో దాచిన గోంగూర గిన్నె కూడా తెచ్చి మధ్యలో పెట్టింది.

ముగ్గురూ కింద కూర్చున్నారు. అంకయ్యే వడ్డించాడు. గిన్నెలో ఒక పక్క నుంచి మాత్రమే తీశాడు. జాస్మిన్ కలుపుకుంది, ఖాదర్‌బీ కలుపుకుంది. పచ్చడిలో పులుపు లేదు, కారం లేదు, ఉప్పు కూడా అంతంతే. ఎవరూ ఉల్లిపాయ అడగలేదు. కారం డబ్బా కోసం ఎవరూ లేవలేదు.

గిన్నెలో రెండో పక్క, ఎలీసమ్మ వేలితో తీసుకున్న చారలు పచ్చడి మీద ఆరిపోయి అట్లాగే ఉన్నాయి.