అత్తగారి కార్డు

"కాళ్ళు విరగ్గొడతా!" అని కోపంలో అనని మొగుడుండడు. ఈమె మొగుడు మాత్రం అన్నంత పనీ చేశాడు. నిన్న గుమ్మంలోనే బూటుకాలితో ఆమె ఎడమ పాదాన్ని తొక్కిపట్టి, మడమతో నులిమాడు. ఈ ఉదయం ఆమె గోడకి ఆనుకుని, బరువంతా కుడికాలి మీదే వేసి, ఆ బూటుకాలి మనిషికే క్యారేజీ సర్దుతోంది.

ఇంతకీ ఆమె చేసిన నేరం నడవడం. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. నెల క్రితం దాకా ఆయన బండి వెనక కూర్చుని వెళ్ళేది. ఒకరోజు బండి చెడిపోతే నడిచి వెళ్ళింది. ఇరవై నిమిషాలు. ఎవరికీ ఏదీ అందించక్కర్లేని, ఎవరూ కేకెయ్యని ఇరవై నిమిషాలు. ఆ మధ్యాహ్నం ఆకలేసింది, రాత్రి నిద్ర పట్టింది. ఆ రెండూ తనకు జరిగి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు రాలేదు. మర్నాడూ నడిచింది. ఆ వారం మెత్తటి బూట్లు కొనుక్కుంది. "నడకట, నడక! ఎవడున్నాడే ఆ దారిలో?" అని ఆయన వాటిని కూరలు తరిగే కత్తితో నిలువునా చీరేశాడు. ఆమె పాత చెప్పులతో నడిచింది. ఇక లాభం లేదని పాదం పనే పట్టాడు.

ఆయన చెయ్యెత్తగానే అత్తగారు లేచి కిటికీలు ఒక్కొక్కటే మూస్తుంది. గడియలన్నీ పడ్డాక, "మగాడికి కోపమొచ్చినప్పుడు కాస్త పక్కకి తప్పుకోవాలమ్మా" అంటుంది. తప్పుకోవడానికి ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు.

భోజనాల వేళ ఎక్స్‌రే గది ఖాళీ అయ్యాక, పొడుగు తీగ ఉన్న మీట చేత్తో పట్టుకుని, తన పాదానికి తనే ఎక్స్‌రే తీసుకుంది. సొంత పేరు రాస్తే తోటివాళ్ళకి తెలిసిపోతుంది. అందుకే రెండేళ్ళుగా అన్నీ అత్తగారి కార్డు మీదే తీస్తోంది. ఉద్యోగుల ఇంటివాళ్ళకి ఆస్పత్రి ఇచ్చే కార్డు అది. మణికట్టు, పక్కటెముకలు, చిటికెనవేలు, దవడ, ఇప్పుడీ పాదం. కారణం అన్నచోట ప్రతిసారీ 'జారిపడింది' అనే రాసింది. నిజానికి ఆ అత్తగారు ఉక్కుముక్క, జలుబు కూడా చెయ్యదు.

డ్యూటీ దిగేముందు డాక్టరమ్మ పిలిచింది. కొత్తగా వచ్చినావిడ. పాత ఫిల్ములన్నీ తీయించి, పక్కపక్కన పెట్టి చూసే రకం.

"మీ అత్తగారిని ఎవరో కొడుతున్నారమ్మా. రేపు పొద్దున నేను పోలీసులకి రాయాలి."

ఆమె బల్ల అంచు పట్టుకుని, బరువు కుడికాలి మీదకి మార్చుకుంది.

"ఇంకో మాట. డెబ్బై ఏళ్ళవాళ్ళ ఎముకలు చాలా చూశాను. ఇవి అలా లేవు." డాక్టరమ్మ ఆమె పాదం వైపు చూసి, ఐదు ఫిల్ములూ కవర్లో పెట్టి చేతికిచ్చింది. "ఎవరి పేరు రాయమంటావో నువ్వే చెప్పు."

ఇంటికి వెళ్ళి చెప్పింది. "ఆస్పత్రిలో డాక్టరమ్మ అత్తయ్యని ఎవరో కొడుతున్నారంటోంది. ఎముకలు విరిగాయట. రేపు పోలీసులకి రాస్తుందట."

ఆయన ఇంతెత్తున లేచాడు. "మా అమ్మనా? ఎవడే వాడు? నరికి పోగులు పెడతా!"

"నాకేం కాలేదురా," అంది అత్తగారు కంగారుగా.

"నువ్వుండమ్మా! ఆడదాని ఒంటి మీద చెయ్యేసేవాడు మనిషేనా?" ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఎముకలు అమ్మవి అనుకుంటే ఈ మనిషికి ఏడుపొచ్చింది! ఎండ పడుతున్న కిటికీ ఊచల్లో ఫిల్ములు ఒక్కొక్కటే దోపింది.

"ఇది మణికట్టు. మీ పుట్టినరోజు నాడు విరిచారు. ఇవి పక్కటెముకలు, కూర చల్లారిందని. ఇది నిన్నటి పాదం. అన్నీ నావే. ఏదీ, నరకండి వాణ్ణి."

ఆయన కొట్టాడు. తల ఊచలకి తగిలి పెదవి చిట్లింది, నోరంతా ఉప్పగా అయింది. అత్తగారు అలవాటు చొప్పున కిటికీ మూయబోయింది. ఊచల మధ్య ఫిల్ములున్నాయి. వాటి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"దీనికీ తీయించుకుంటాను," అంది ఆమె, నెత్తురు తుడుచుకుంటూ. "ఈసారి నా పేరు మీద."

ఆయన గుమ్మానికి అడ్డు రాబోతే, "పోలీసులొస్తార్రా!" అని అరిచింది అత్తగారు. ఎవరి మీద ప్రేమతో అరిచిందో కానీ, ఆయన ఆగాడు. ఆమె ఫిల్ములు తీసుకుని చెప్పులేసుకుంది. ఎడమది పట్టలేదు, వదిలేసింది.

ఇరవై నిమిషాల దారికి గంట పట్టింది.

"పేరు?" అన్నాడు ఆస్పత్రి గుమాస్తా, తలెత్తకుండా.

చెప్పింది. అతను తలెత్తాడు.

"అయ్యో, మీరా మేడమ్! ఏమైంది, జారిపడ్డారా?"

"లేదు. మా ఆయన కొట్టాడు. అలాగే రాయండి."

గుమాస్తా కలం ఆగింది. ఆమె రిజిస్టరు తనవైపు తిప్పుకుని, తనే రాసింది.