బదులు వెళ్ళిన చీర

బరంపురం బడాబజారులో వక్కలు, మిరియాలు టోకున అమ్మే వైకుంఠరావు ఇంట్లో అందరికంటే ముందు లేచేది అతని భార్య కాసులమ్మ. లేవగానే చేసే మొదటి పని పక్క దులపడం. రాత్రంతా ఆమె ఒంటి నుంచి రాలిన పొట్టు దుప్పటి మీద తెల్లగా పరుచుకుని ఉండేది. దాన్ని మెత్తటి చీపురుతో చేటలోకి తీసి పెరట్లో పారబోసి, మోచేతులకీ పిక్కలకీ కొబ్బరినూనె రాసుకుని, అప్పుడు పొయ్యి వెలిగించేది. రెండో కాన్పు తరవాత పట్టుకుంది ఆ సోరియాసిస్. అంటుకునే రోగం కాదని డాక్టర్లు చెప్పారు, ఇంట్లోవాళ్ళు నమ్మారు. నమ్మినా ఆమె తుడుచుకున్న తువ్వాలు మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఒక పెళ్ళిలో బంతికి కూర్చుంటే పక్కావిడ తన విస్తరిని మెల్లగా అవతలికి జరుపుకుంది. కాసులమ్మ అన్నం కెలికి లేచి వచ్చేసింది. తరవాత ఎవరిదో గృహప్రవేశానికి వైకుంఠరావు తయారై నిలబడితే, ఆమె పెట్టెలోంచి తన పెళ్ళినాటి పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది.

"నాను రాను. ఇదెల్తాది" అంది.

చీర మడతలు విప్పుకుంది. కుచ్చిళ్ళు పోసుకుని, పైట వేసుకుని, లోపల ఎవరూ లేకుండానే మెట్లు దిగి స్కూటర్ దగ్గర నిలబడింది. కొంగు చక్రంలో పడకుండా సర్ది వైకుంఠరావు బండి తీశాడు. అక్కడ వాళ్ళు చీరని ఆదరంగా లోపలికి పిలిచి, పైట అంచుకి బొట్టు పెట్టి, ఒళ్ళో తాంబూలం ఉంచారు. బంతిలో విస్తరి వేశారు. తినలేదని వడ్డించినదంతా డబ్బాలో సర్ది ఇంటికి పంపించారు. పక్కన కూర్చున్నావిడ జరగలేదు సరికదా, నేత ఎంత బాగుందోనని అంచు వేళ్ళతో తడిమి చూసింది.

అప్పటినుంచీ పిలుపులన్నిటికీ చీరే వెళ్ళింది. పెళ్ళిళ్ళకీ, నోములకీ, ఊరి అమ్మవారు ఠాకురాణి యాత్రకీ కూడా. పక్కింటి ఒడియా ముసలమ్మ దాన్ని దూరం నుంచి చూసి "శాఢీ ఆసిలాణి" అని లోపలికి కేకేసేది, చీర వచ్చేసిందని. గంజాంలో పుట్టింటి పండగలకీ అదే వెళ్ళేది. వైకుంఠరావుకి ఇదేమీ కష్టంగా తోచలేదు. నలుగురిలో భార్యని ఇబ్బంది పెట్టకుండా చూసుకుంటున్నానని అనుకున్నాడు. నువ్వే రా అని ఒక్కసారీ అనలేదు. అనలేదన్న సంగతి కూడా అప్పట్లో అతనికి తట్టలేదు.

తొంభైతొమ్మిది తుపాను వెలిసిన మరుసటేడు గిరి రోడ్డులో భారతీదేవి అనే చర్మం డాక్టరు కొత్తగా ఆసుపత్రి పెట్టింది. ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు మచ్చలన్నీ చూశాక కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పింది. మచ్చ ఎంత మేర ఉందో తనకి కనబడుతుందట. అది బతుక్కి ఎంత అడ్డొస్తోందో రోగి చెబితేనే తెలుస్తుందట. అందుకు కొన్ని ప్రశ్నలున్నాయి, జవాబుని బట్టి మార్కులు వేస్తాను, మార్కుల్ని బట్టి మందు ఇస్తాను అంది.

కాసులమ్మ గొంతు సవరించుకునేలోపే వైకుంఠరావు జవాబులు మొదలుపెట్టాడు. దురద ఉంది గానీ ఓర్చుకుంటుంది. బయటికి వెళ్ళడం మానలేదు, ఈ మాఘంలో ఒక్క పెళ్ళీ తప్పలేదు. బట్టలకేం, పట్టుచీరే వెళ్తుంది. చివరికి డాక్టరు, భార్యాభర్తల మధ్య ఏమైనా దూరం వచ్చిందా అని అడిగింది. అతను గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, బాగానే ఉన్నామన్నాడు. కాసులమ్మ అతని మొహంలోకి చూసి తల దించుకుంది.

మార్కులు తక్కువ వచ్చాయి. బలమైన మాత్రలున్నాయి గానీ అవి కాలేయానికి మంచివి కావు, బతుకు ఇంత సాఫీగా సాగుతుంటే అక్కర్లేదు, పూత మందు చాలు అని డాక్టరు రాసిచ్చింది.

రోగం పూతకి లొంగలేదు. మచ్చల కింద నుంచి కీళ్ళలోకి దిగింది. వేళ్ళు వాచి, పొద్దున్నే ముడుచుకునేవి కావు. కాసులమ్మ చపాతీపిండి కలపడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

వైశాఖంలో ఆమె తమ్ముడు కూర్మారావు గంజాం నుంచి ఫోన్ చేశాడు. అమ్మకి బాగులేదు, అప్పని చూడాలంటోంది అన్నాడు. అక్కని అతను అలాగే పిలుస్తాడు. కాసులమ్మ సంచీ సర్దుకుంది. వైకుంఠరావు ఎండ గురించి చెప్పాడు, బస్సులో చెమటకి దురద పెరుగుతుందన్నాడు, చుట్టాలంతా దిగి ఉంటారన్నాడు. ఆ చివరి మాట దగ్గర ఆమె ఆగిపోయింది. సంచీ పక్కన పెట్టి పెట్టె తెరిచింది.

బస్సులో కండక్టరు చీరకి వేరే టికెట్ కొట్టాడు. ఛత్రపురం దాటాక కిటికీలోంచి వేడిగాలి వస్తుంటే వైకుంఠరావు దాని పైట తన చేత్తో అదిమి పట్టుకున్నాడు.

అత్త అప్పలనర్సమ్మకి శుక్లాలు ముదిరి చూపు పోయింది. కూతురొచ్చిందని చెప్పగానే రెండు చేతులూ చాపింది. చీర వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. ముసలావిడ పట్టు నిమిరింది. పైట పట్టుకుని పైకి వెతికింది, కిందికి వెతికింది.

"సెయ్యేదమ్మా?" అంది.

తరవాత కోడలు ముత్యాలుతో అంది. "పట్టు మెత్తగుందే. నా పిల్ల సెయ్యి ఇప్పుడు గరుగ్గా ఉంటాదంట గదా. నాకదే కావాల."

తెల్లారేలోపు పోయింది. కొంగు గుప్పిట్లో బిగిసి ఉంది. కూర్మారావు విడిపించబోతే చీర తనే ముసలావిడ ఒంటిని చుట్టుకుంది. ముత్యాలు వదిలెయ్యమంది. ఋషికుల్య ఒడ్డున తల్లితోబాటు అదీ కాలిపోయింది.

వైకుంఠరావు ఒక్కడే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్త పోయిందని చెప్పాడు, చివరి మాట దాచుదామనుకున్నాడు గానీ దాచలేకపోయాడు. అత్త అన్న మాట అన్నట్టే చెప్పాడు. కాసులమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"నానెల్తే అమ్మ జడిసిపోతాదనుకున్నాను" అంది.

కర్మలకి పంపడానికి ఇక ఏమీ లేదు. నూలుచీర కట్టుకుని తనే బస్సెక్కింది. గంజాంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చింది. ఒకరిద్దరు అవతలికి జరిగారు. ముత్యాలు వచ్చి ఆనుకుని కూర్చుంది.

తిరిగొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. భారతీదేవి ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగింది. వైకుంఠరావు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఈసారి కాసులమ్మ చెప్పింది. విస్తరి సంగతీ, చీర సంగతీ, అమ్మ సంగతీ. చివరి ప్రశ్నకి భర్త వింటుండగానే చెప్పింది.

"ఒంటి పొట్టు పడతందని ఈయన మంచం హాల్లోకి తీసుకెళ్ళిపోయారండి. చిన్నోడికి అప్పుడింకా పళ్ళు రాలేదు."

డాక్టరు కలం పక్కన పెట్టింది. పెళ్ళిళ్ళకి వెళ్ళింది మీరా చీరా అని అప్పుడే అడగాల్సింది, ఊళ్ళో అందరిలాగే నేనూ అడగలేదు అంది. మాత్రలు రాసిచ్చి, రక్తపరీక్షలకి ఎప్పుడెప్పుడు రావాలో చెప్పింది. వానలు తగ్గేసరికి మచ్చలు చాలావరకు మాసిపోయాయి. వేళ్ళు మాత్రం బాగుపడలేదు. ముందే మొదలుపెట్టి ఉంటే అని డాక్టరు అనబోయి ఆపేసింది. ఆపేసినా ఇద్దరికీ వినబడింది.

మరుసటి మాఘంలో దగ్గర చుట్టాల పెళ్ళి వచ్చింది. వైకుంఠరావు పట్టుచీర కొన్నాడు. కాసులమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఇది నానే కట్టుకుంటాను" అంది.

కట్టుకోబోతే వేళ్ళు వంగలేదు, కుచ్చిళ్ళు జారిపోయాయి. వైకుంఠరావు తలుపు దగ్గర నుంచి చూసి, వచ్చి నేల మీద మోకాళ్ళేసి కూర్చున్నాడు. అతనికి చేతకాలేదు. ఒక కుచ్చి పెద్దదీ ఒకటి చిన్నదీ వచ్చాయి. విప్పి మళ్ళీ పోశాడు, మళ్ళీ విప్పాడు. ఆమె తొందరపెట్టలేదు, నవ్వలేదు. కొత్త పట్టు గంజికి అతని వేళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి కుదిరినట్టే అనిపించాక ఆమె లేవమని భుజం మీద చెయ్యి వేసింది.

వాళ్ళు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది.